అమీర్‌పేటలో ఈజేబీ బ్యాచ్, తర్వాత సర్టిఫికేషన్ పరీక్ష: 9,000 రూపాయలకి ఏం వచ్చింది, ఏం రాలేదు

ఈజేబీ అంటే ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్, పెద్ద కంపెనీల సర్వర్ ప్రోగ్రాములు జావాలో రాసే ఒక పద్ధతి. దాని కోర్సు ఫీజు 9,000 రూపాయలు, రెండు విడతల్లో కట్టాను. 45 క్లాసుల కోర్సు అన్నారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 7 నుంచి 8:30 వరకు, ఆదివారం పొద్దున ల్యాబ్. మైత్రీవనం దగ్గర ఒక సందులో మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది కానీ ఆ టైముకి నాలుగైదు ఇన్‌స్టిట్యూట్‌ల బ్యాచ్‌లు ఒకేసారి మారతాయి, మెట్లెక్కడమే నయం. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయడం లేదు. బాగున్నవి ఎంత రాస్తానో బాగాలేనివీ అంతే రాస్తాను, పాఠం చెప్పిన సర్ మీద నాకు చాలా గౌరవం, ఆఫీసు వాళ్లు చేసిన పనికి ఆయనకి చెడ్డపేరు రావడం నాకు ఇష్టం లేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను దేన్ని బాగుందంటున్నానో అర్థం కాదు. ఐదేళ్లు మాన్యువల్ టెస్టింగ్ చేసి డెవలప్‌మెంట్‌లోకి మారాను. మా టీమ్ చూసేది ఒక లోన్ వసూళ్ల సిస్టమ్, అంటే ఈఎంఐ కట్టించుకోవడం, బౌన్స్ అయితే ఛార్జీ వేయడం, రాత్రికి లెక్కలు సరిచూడడం. కోడ్ మొత్తం ఈజేబీ, అందులో కొంత ఎంత పాతదంటే పాత పద్ధతిలో రాయాల్సొచ్చే హోమ్ ఇంటర్‌ఫేస్‌లు, పేజీలకొద్దీ ఎక్స్‌ఎంఎల్ సెట్టింగుల ఫైళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. నేను చేరిన రెండో నెలలో ఒక టికెట్ వచ్చింది. ఈఎంఐ కట్టే ప్రయత్నం ఫెయిలైనా సరే, ప్రయత్నం జరిగినట్టు ఆడిట్ టేబుల్‌లో ఒక రికార్డు మిగలాలి, అది మిగలడం లేదు. మూడు రోజులు కూర్చున్నాను. ఆ ఆడిట్ రికార్డు రాసే మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మీద రిక్వైర్స్ న్యూ అని స్పష్టంగా రాసి ఉంది, అంటే దానికి సొంత ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే అన్నీ రద్దవ్వాలి అనే డేటాబేస్ పనుల కట్ట) ఉండాలి, బయటది రోల్‌బ్యాక్ అయినా, అంటే రద్దయినా, ఇది నిలబడాలి. నిలబడలేదు. పక్క సీట్ల వాళ్లని అడిగాను, వాళ్లకీ తెలియలేదు. చివరికి సీనియర్ ఒకాయన వచ్చి పది నిమిషాల్లో సరిచేసి వెళ్లిపోయారు. ఆయన చేసిందల్లా ఆ మెథడ్‌ని అక్కణ్నుంచి తీసి వేరే జావా క్లాసులో, అంటే ఇంకో కోడ్ ఫైల్లో, పెట్టడం. అందులో ఒక్క లైను కూడా మార్చలేదు, చోటు మార్చారంతే. అదెలా పనిచేసిందో చెప్పే తీరిక ఆయనకి లేదు, ఆయనకి ఆ రోజు రిలీజ్ ఉంది. ఆ శనివారమే వెళ్లి కోర్సులో చేరాను.

డెమో క్లాసు చాలా బాగా జరిగింది. సర్ బోర్డు మధ్యలో ఒక నిలువు గీత గీసి ఎడమవైపు "మనం రాసేది", కుడివైపు "కంటైనర్ చేసేది" అని రాశారు. కంటైనర్ అంటే మన కోడ్‌ని నడిపించే సర్వర్ భాగం. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టడం, ముగించడం, పిలిచినవాడికి ఆ మెథడ్ పిలిచే అనుమతి ఉందో లేదో చూడడం, ఒకేసారి వందమంది వస్తే బీన్‌లని, అంటే మనం రాసిన ఈజేబీ క్లాసుల్ని, పంచడం, టైముకి లేపడం, అన్నీ కుడివైపు వెళ్లాయి. ఎడమవైపు ఒక్క ముక్క మిగిలింది, ఈఎంఐ లెక్క. "పరీక్షలో మిమ్మల్ని అడిగేది కుడివైపు గురించే, రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేదీ కుడివైపు గురించే" అన్నారు. కోర్సు అయ్యేదాకా ప్రతి క్లాసులో ఆ గీత మళ్లీ మళ్లీ వచ్చింది, ఇప్పటికీ కోడ్ చదువుతుంటే నా కళ్ల ముందు అదే గీత.

సర్ జావాని తయారుచేసిన సన్ కంపెనీ కాలం మనిషి. అప్పట్లో ముందు సన్ సర్టిఫైడ్ జావా ప్రోగ్రామర్ పాసైతేనే బిజినెస్ కాంపోనెంట్ డెవలపర్ అనే ఈజేబీ పరీక్షకి కూర్చోనిచ్చేవారు, 310-090 అని దాని నంబరు, ఆయన అది రాసి పాసైనవారు. తర్వాత 310-091 వచ్చింది, 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేశాక పరీక్షల పేర్లూ నంబర్లూ అన్నీ మారిపోయాయి. ఈ చరిత్ర ఆయన ఊరికే చెప్పలేదు. రెండో వారంలో ఒకరోజు పాత ఈజేబీ 2.0 పద్ధతిలో "నమస్తే" అని తిరిగి పంపే బీన్ ఒకటి బోర్డు మీద రాశారు: హోమ్ ఇంటర్‌ఫేస్, రిమోట్ ఇంటర్‌ఫేస్, బీన్ క్లాసు, అందులో ఖాళీగా ఉండే నాలుగైదు కాల్‌బ్యాక్ మెథడ్‌లు, ఆ తర్వాత ఎక్స్‌ఎంఎల్. బోర్డు నిండిపోయింది. దాన్ని అలాగే ఉంచి, కింద మూలన మిగిలిన జాగాలో 2006లో వచ్చిన 3.0 పద్ధతిలో అదే బీన్ రాశారు, ఒక ఇంటర్‌ఫేస్, ఒక క్లాసు, పైన ఒక్క అనోటేషన్ (కంటైనర్‌కి కోడ్ మీదే రాసే చిన్న సూచన). 2009 చివర్లో వచ్చిన 3.1లో ఆ ఇంటర్‌ఫేస్ కూడా అక్కర్లేదని దాన్ని కొట్టేశారు. "కుడివైపు పని ఏమీ తగ్గలేదు, మనం రాసే చాకిరీ తగ్గింది" అన్నారు. మా ఆఫీసు కోడ్‌లో అంత ఎక్స్‌ఎంఎల్ ఎందుకుందో నాకు ఆ రోజు అర్థమైంది.

స్టేట్‌లెస్ (పిలిచినవాణ్ని గుర్తుపెట్టుకోనిది), స్టేట్‌ఫుల్ (గుర్తుపెట్టుకునేది), సింగిల్టన్ (అందరికీ కలిపి ఒక్కటే ఉండేది) బీన్‌ల పాఠాలు మామూలుగా వెళ్లిపోయాయి, ఎవరు చెప్పినా అంతే చెబుతారు. సింగిల్టన్‌లో మాత్రం ఒక మాట ఆఫీసులో వెంటనే పనికొచ్చింది. మనమేమీ రాయకపోతే సింగిల్టన్ మెథడ్‌లన్నిటికీ రైట్ లాక్ పడుతుంది, అంటే ఒకరు లోపలుంటే మిగతావాళ్లంతా బయట క్యూలో నిలబడాల్సిందే. వడ్డీ రేట్లు దాచుకునే సింగిల్టన్ ఒకటి మా దగ్గర సరిగ్గా అలాగే ఉంది, చదవడానికి మాత్రమే ఉన్న మెథడ్‌లకి, చాలామంది ఒకేసారి లోపలికి రాగలిగే రీడ్ లాక్ పెట్టి పంపాను, నా మొదటి సొంత మార్పు అది.

ఇక ట్రాన్సాక్షన్‌ల క్లాసు గురించి రాయాలి, ఎందుకంటే ఫీజు మొత్తం ఆ ఒక్క సాయంత్రానికి ఇచ్చినా నాకు బాధ లేదు. మెథడ్‌కి ట్రాన్సాక్షన్ ఎలా ఉండాలో చెప్పే యాట్రిబ్యూట్‌లు ఆరు ఉంటాయి, పుస్తకంలో చదివితే ఆరూ ఒకేలా కనిపిస్తాయి. సర్ బోర్డు మీద ఏమీ రాయకుండా "పెళ్లిలో బంతి భోజనం అనుకోండి, బంతే ట్రాన్సాక్షన్" అని మొదలుపెట్టారు. రిక్వైర్డ్ అన్నవాడు బంతి నడుస్తుంటే అందులోనే కూర్చుంటాడు, నడవకపోతే తనకోసం బంతి వేయించుకుంటాడు, మనమేమీ రాయకపోతే కంటైనర్ అనుకునేది ఇదే. రిక్వైర్స్ న్యూ వాడు నడుస్తున్న బంతిని ఆపించి తనకి వేరే బంతి వేయించుకుని, తన భోజనం అయ్యాక పాతదాన్ని కొనసాగించుకోమంటాడు. మాండేటరీ వాడు బంతి నడుస్తుంటేనే తింటాడు, లేకపోతే గొడవ చేసి వెళ్లిపోతాడు, ఆ గొడవే ఎక్సెప్షన్, అంటే కోడ్ విసిరే ఎర్రర్. సపోర్ట్స్ వాడికి పట్టింపు లేదు, బంతి ఉంటే కూర్చుంటాడు, లేకపోతే పళ్లెం పట్టుకుని నిలబడి తినేస్తాడు. నాట్ సపోర్టెడ్ వాడు బంతి ఉన్నా సరే దాన్ని ఆపించి నిలబడే తింటాడు. నెవర్ వాడికి బంతి కనిపిస్తేనే గొడవ. "మరి రోల్‌బ్యాక్ అంటే?" అని ముందు బెంచీ అబ్బాయి అడిగాడు. "ఆ బంతిలో వేసిన ఆకులన్నీ ఎత్తేయడం బాబూ. తిన్నవాడిదీ తిననివాడిదీ అన్నీ ఎత్తేస్తారు. వేరే బంతి వేయించుకున్నవాడి ఆకు జోలికి మాత్రం ఎవరూ రారు." వెనకనుంచి ఒకమ్మాయి, మెసేజ్ వస్తే లేచి పనిచేసే మెసేజ్ డ్రివెన్ బీన్‌కి ఆరింటిలో రెండే ఎందుకు పెట్టుకోవచ్చని అడిగింది. "దాన్ని పిలిచే మనిషే లేడు కదమ్మా, అది వచ్చేసరికి ఎవరి బంతీ నడుస్తూ ఉండదు. కాబట్టి తన బంతి తను వేసుకోవాలి, లేదా నిలబడి తినాలి. రిక్వైర్డ్, నాట్ సపోర్టెడ్. మిగతా నాలుగిటికీ అక్కడ అర్థం ఎక్కడుంది?" పరీక్షలో ఈ అధ్యాయం నుంచి వచ్చిన ప్రతి ప్రశ్ననీ నేను బంతి వేసుకునే చేశాను.

టైమర్ల క్లాసు కూడా మర్చిపోలేను. టైమర్ అంటే చెప్పిన టైముకి దానంతటదే నడిచే మెథడ్. అందులో నిమిషం దగ్గర మాత్రమే స్టార్ (ప్రతిసారీ అని అర్థం) పెట్టమని, నిమిషానికోసారి ఒక లైను ప్రింట్ కావాలని చెప్పారు. పన్నెండు సిస్టమ్‌లలో అందరం డిప్లాయ్ చేసి, అంటే సర్వర్ మీదికి ఎక్కించి, లాగ్ చూస్తూ కూర్చున్నాం. ఎవరికీ ఏమీ రాలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. సర్ ఏమీ మాట్లాడరు. క్లాసు అయిపోయే ముందు "గంట దగ్గర ఏం రాశారు?" అన్నారు. ఎవరూ ఏమీ రాయలేదు. గంట దగ్గర ఏమీ రాయకపోతే కంటైనర్ సున్నా అనుకుంటుంది, అంటే అర్ధరాత్రి 12 నుంచి 12:59 దాకా నిమిషానికోసారి మోగి మిగతా రోజంతా పడుకుంటుంది. ఆ పది నిమిషాల నిశ్శబ్దం వల్ల అది ఇక జన్మలో మర్చిపోను. ఇలా చెప్పే మనిషి దొరకడం అదృష్టం.

ఇప్పుడు బాగాలేనివి.

45 క్లాసులు అన్నవి 37 అయ్యాయి. మధ్యలో ఆ గదిని ఇంకో కొత్త బ్యాచ్ డెమోల కోసం తీసుకున్నారు, రెండు వారాలు మా క్లాసు గంటకి కుదించారు, చివర్లో కొత్త బ్యాచ్ మొదలుపెట్టాలని తొందరపెట్టారు. దానివల్ల దెబ్బతిన్నది సరిగ్గా ఏ అధ్యాయమంటే, ఎక్సెప్షన్‌లు. పరీక్షకీ ఉద్యోగానికీ కూడా ట్రాన్సాక్షన్‌ల తర్వాత అంత ముఖ్యమైనది ఇంకోటి లేదు, దాన్ని గంటలో ముగించేశారు. కౌంటర్ దగ్గర అడిగితే "నెక్స్ట్ బ్యాచ్‌లో ఫ్రీగా రిపీట్ కూర్చోండి మేడమ్" అన్నారు. అమీర్‌పేటలో అందరూ ఇచ్చే జవాబే. ఉద్యోగం చేసుకుంటూ హైటెక్ సిటీ నుంచి మెట్రోలో రోజూ వచ్చేవాళ్లకి ఇంకో రెండు నెలలు రిపీట్ అంటే మాటలా? ఎనిమిది క్లాసుల డబ్బులు వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడిగాను. ఇవ్వలేదు. ఒక ఆదివారం అదనంగా ల్యాబ్ తెరిచారు, అది కూడా సర్ అడిగితే.

నా ఆడిట్ రికార్డు సంగతి క్లాసులో రానేలేదు. ఆఖరికి ఒకరోజు సర్‌ని మెట్ల మీద ఆపి అడిగాను. ఆయన సంచి కింద పెట్టి, అక్కడే రెయిలింగ్‌కి ఆనుకుని, "ఆ మెథడ్‌ని పిలిచినవాడు ఎవరమ్మా?" అన్నారు. అదే బీన్‌లోని ఇంకో మెథడ్ సర్ అన్నాను. "కంటైనర్ అంటే గుమ్మం దగ్గర కూర్చున్న వాచ్‌మన్. బయటనుంచి లోపలికొచ్చేవాణ్ని చూస్తాడు, చీటీ చదువుతాడు, వేరే బంతి కావాలని చీటీలో ఉంటే వేయిస్తాడు. నువ్వు ఇంట్లోనే వంటింట్లోంచి హాల్లోకి వెళ్తే వాచ్‌మన్‌కి ఎలా తెలుస్తుంది? చీటీ నీ చేతిలోనే ఉంటుంది, చదివేవాడు లేడు." అంతే. ఒక బీన్ తనలోని మెథడ్‌ని తనే నేరుగా పిలుచుకుంటే అది గుమ్మం దాటదు, అనోటేషన్ ఏం రాసినా ఎవరూ చూడరు, బయటి ట్రాన్సాక్షన్‌లోనే జరిగిపోతుంది, ఆకులు ఎత్తేసినప్పుడు దాని ఆకూ పోతుంది. సీనియర్ ఆ మెథడ్‌ని వేరే బీన్‌లోకి మార్చి ఇంజెక్ట్ చేయగానే (ఆ బీన్‌ని కంటైనర్ చేత తెప్పించుకోగానే) పిలుపు గుమ్మం మీదుగా వెళ్లింది. నాలుగు నెలలుగా మనసులో ఉన్న ముడి మెట్ల మీద పది నిమిషాల్లో విడిపోయింది. కానీ నా బాధేమిటంటే, ఆ పది నిమిషాలు నాకొక్కదానికే దొరికాయి. ఆ బ్యాచ్‌లో మిగతా ఇరవై మందికి అది తెలియకుండానే కోర్సు అయిపోయింది.

మెటీరియల్ సంగతి. కింద జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్‌తో ఇస్తారు, దానికి డబ్బులు వేరే. అందులో దాదాపు 40 పేజీలు డేటాబేస్ రికార్డుల కోసం వాడిన పాత ఎంటిటీ బీన్‌లు, వాటిలో రెండు రకాలు సీఎంపీ, బీఎంపీ. 2013లో వచ్చిన ఈజేబీ 3.2లోనే వాటిని ఐచ్ఛికం చేసేశారు, నేను రాసిన పరీక్షలో వాటి ప్రసక్తే లేదు, ఆ పని ఇప్పుడు జేపీఏ (డేటాబేస్‌తో పనిచేసే కొత్త జావా పద్ధతి) చేస్తుంది. నాకు ఆఫీసులో పాత కోడ్ ఉంది కాబట్టి చదివాను, మిగతావాళ్లు ఆ పేజీలు తిప్పేయండి. అంతకంటే సర్ చెప్పేటప్పుడు రాసుకున్న రన్నింగ్ నోట్సే మేలు, నాకు రెండు పుస్తకాలు నిండాయి.

అసలు పెద్ద ఫిర్యాదు ఇది. బోర్డు మీద "ఈజేబీ సర్టిఫికేషన్ బ్యాచ్" అని పెద్ద అక్షరాలతో రాశారు. ఒకప్పుడు ఈజేబీకి విడిగా పరీక్ష ఉండేది, ఈజేబీ ఒక భాగంగా ఉన్న జావా ఈఈ అనే ప్లాట్‌ఫాం 6వ వెర్షన్‌కి కూడా వన్ జెడ్ జీరో-895 అని ఉండేది. నేను రాసింది జావా ఈఈ 7 అప్లికేషన్ డెవలపర్, వన్ జెడ్ జీరో-900. అందులో ఈజేబీ ఒక భాగం మాత్రమే. జేపీఏ, జేఎంఎస్, సర్వ్‌లెట్‌లు, జేఎస్పీ, జేఎస్ఎఫ్, రెస్ట్, సోప్ సర్వీసులు, సీడీఐ, సెక్యూరిటీ, వెబ్‌సాకెట్, బ్యాచ్, కంకరెన్సీ, ఇవన్నీ ఉంటాయి. కౌంటర్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. నాతో చేరిన ముగ్గురు కాలేజీ పిల్లలు పరీక్ష ఫీజు కట్టాక సిలబస్ తెరిచి చూసి హడలిపోయారు. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బులవి. ఆ ఒక్క వాక్యం బోర్డు మీద కింద చిన్నగా రాసినా చాలు, పిల్లలకి అంత టెన్షన్ ఉండేది కాదు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

కాబట్టి కోర్సు అయ్యాక ఇంకో మూడు నెలలు నేనే చదువుకున్నాను. మిగతా భాగాలకి ఒరాకిల్ ఉచితంగా పెట్టిన జావా ఈఈ 7 ట్యుటోరియల్, ఈజేబీకి మాత్రం నేరుగా స్పెసిఫికేషన్, అంటే అది ఎలా పనిచేయాలో చెప్పే అసలు పత్రం. జేఎస్ఆర్ 345 అని ఉంటుంది, అదీ ఉచితమే. స్పెసిఫికేషన్ అంటే భయపడతారు కానీ మొత్తం చదవక్కర్లేదు. ట్రాన్సాక్షన్‌ల అధ్యాయం, ఎక్సెప్షన్‌ల అధ్యాయం, ఈ రెండూ మాత్రం వరసగా చదవండి. ఎక్సెప్షన్‌ల దగ్గర పట్టికలుంటాయి: ఏ మెథడ్ ఏ ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంటే, ఎలాంటి ఎక్సెప్షన్ వస్తే, కంటైనర్ ఏం చేయాలి, పిలిచినవాడికి ఏం కనిపిస్తుంది. ఆ పట్టికలు చేత్తో రాసి వంటింట్లో ఫ్రిజ్ మీద అతికించాను. క్లాసులో గంటలో పరిగెత్తించింది నాకు అక్కడ దొరికింది.

ఇంట్లో సర్వర్ పెట్టుకోవడంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ల్యాబ్‌లో గ్లాస్‌ఫిష్ 4.1 అనే సర్వర్, జావా 8 ఉండేవి. నేను ఇంట్లో కొత్తది ఉంటే మంచిదే కదా అని వైల్డ్‌ఫ్లై అనే ఇంకో సర్వర్ తాజా వెర్షన్ దించాను. జార్ (కోడ్ ప్యాకెట్) ఎక్కుతుంది, ఎర్రర్ రాదు, లుకప్ చేస్తే, అంటే పేరుతో వెతికితే, అలాంటి బీనే లేదంటుంది. రెండు రాత్రులు పోయాయి. కారణం, 2020లో జకార్తా ఈఈ (జావా ఈఈకి కొత్త పేరు) 9తో ప్యాకేజీ పేర్లన్నీ జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి, వైల్డ్‌ఫ్లై 27 నుంచి కొత్త పేర్లే అర్థమవుతాయి. పరీక్షలో ఉన్నది పాత పేర్లు. జావా ఈఈ 7కి చదివేవాళ్లు గ్లాస్‌ఫిష్ 4.1 పెట్టుకోండి, లేదా వైల్డ్‌ఫ్లై 26కి మించి వెళ్లకండి.

సర్వర్ సరిగ్గా కుదిరాక నేను చేసిన మొదటి ప్రయోగం అందరూ చేసి తీరాలి. రెండు ఖాతాలు, ఒకదాంట్లోంచి 500 తీసి రెండోదాంట్లో వేసే మెథడ్, రెండో ఖాతా మూసేసి ఉంటే నేను రాసుకున్న చెక్డ్ ఎక్సెప్షన్ (వస్తుందని కోడ్‌లో ముందే చెప్పాల్సిన రకం) ఒకటి విసరాలి. నడిపాను. ఎక్సెప్షన్ వచ్చింది, స్క్రీన్ మీద ఎర్రగా కనిపించింది. డేటాబేస్ తెరిచి చూస్తే మొదటి ఖాతాలో 500 తగ్గిపోయి ఉంది, రెండోదాంట్లో పడలేదు. డబ్బు గాల్లో కలిసిపోయింది. ఎందుకంటే చెక్డ్ ఎక్సెప్షన్‌ని కంటైనర్ అప్లికేషన్ ఎక్సెప్షన్‌గా చూస్తుంది, అది మన వ్యాపారం సంగతి, మనమే చూసుకుంటామనుకుని కమిట్ చేసేస్తుంది, అంటే అప్పటిదాకా జరిగింది ఖాయం చేసేస్తుంది. రోల్‌బ్యాక్ కావాలంటే ఆ ఎక్సెప్షన్ మీద రోల్‌బ్యాక్ ట్రూ అని రాయాలి, లేదా సెట్ రోల్‌బ్యాక్ ఓన్లీ పిలవాలి. అదే ముందే చెప్పక్కర్లేని రన్‌టైమ్ ఎక్సెప్షన్ బయటికొస్తే రోల్‌బ్యాక్ చేసి ఆ బీన్ ఇన్‌స్టెన్స్‌నే పారేస్తుంది, సింగిల్టన్‌ని మాత్రం పారేయదు. చదివితే ఇది రెండు లైన్లు. ఆ 500 మాయమవడం కళ్లారా చూశాక మా ఆఫీసు కోడ్‌లో ఇలాంటి చోట్లు వెతికాను, రెండు దొరికాయి.

డంప్స్, అంటే లీకైన పరీక్ష ప్రశ్నల గురించి. కోర్సు అయిపోయే రోజు ఎవరో ఒకరు వాట్సాప్‌లో పీడీఎఫ్ పెడతారు, మా గ్రూపులోనూ పెట్టారు. తెరిచాను, దాయను. సరిగ్గా ఈ చెక్డ్ ఎక్సెప్షన్ ప్రశ్నకే అందులో జవాబు "ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుంది" అని ఉంది. తప్పు. నా డేటాబేస్‌లో పోయిన 500 దానికి సాక్ష్యం. అది మూసేసి మళ్లీ తెరవలేదు. పైగా అలా దొరికిన ప్రశ్నలతో రాయడం పరీక్ష నిబంధనలకి విరుద్ధం, దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది. మా బ్యాచ్‌లో దాన్నే నమ్ముకున్న ఒకబ్బాయి ఫెయిలయ్యాడు, మంచి పిల్లాడు, బాగా చదవగలడు, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పరీక్ష రోజు గురించి పెద్దగా ఏమీ లేదు. రెండు గుర్తింపు కార్డులు చూశారు, ఫోను, వాచీ లాకర్‌లో పెట్టించారు. గది బాగా చల్లగా ఉంది, చున్నీ కప్పుకుని రాశాను. ప్రశ్నల్లో ఎక్కువ భాగం కోడ్ ఇచ్చి ఏమవుతుందో చెప్పమనేవే. జేఎస్ఎఫ్‌లో తడబడ్డాను, ఈజేబీ, జేపీఏ నిలబెట్టాయి, 78 శాతం వచ్చింది. బయటికొచ్చి మొదట సర్‌కి ఫోన్ చేశాను. ఆయన మార్కులు అడగలేదు, "బంతి ప్రశ్నలు ఎన్నొచ్చాయమ్మా?" అని అడిగారు.

"ఇప్పుడంతా స్ప్రింగ్ బూట్ కదా, ఈజేబీ ఎందుకు" అని నన్ను కనీసం పదిమంది అడిగారు. స్ప్రింగ్ అంటే ఇలాంటి పనికే వాడే ఇంకో జావా పద్ధతి. నిజమే, కొత్త ప్రాజెక్టులు ఎక్కువగా స్ప్రింగ్‌లోనే మొదలవుతున్నాయి, ఉద్యోగం వెతుక్కుంటున్న ఫ్రెషర్ అయితే ముందు స్ప్రింగే నేర్చుకోండి, ఈ సర్టిఫికెట్ కోసం ఆరు నెలలు ఆగొద్దు. కానీ నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. స్ప్రింగ్‌లో ఇవే ఆరు పేర్లున్నాయి, నెస్టెడ్ అని ఇంకోటి కలిపి ఏడు. అక్కడా మామూలుగా చెక్డ్ ఎక్సెప్షన్‌కి రోల్‌బ్యాక్ కాదు. అక్కడా ప్రాక్సీ అనే వాచ్‌మన్ గుమ్మం దగ్గరే ఉంటాడు, క్లాసు తనని తను పిలుచుకుంటే చీటీ చదివేవాడుండడు. మా టీమ్‌లో ఒక భాగం ఈమధ్యే స్ప్రింగ్‌కి మారింది, మారిన మొదటి వారంలోనే ఆడిట్ రికార్డులు మళ్లీ మాయమయ్యాయి. ఈసారి పది నిమిషాల్లో సరిచేసింది నేను. చేసి వెళ్లిపోలేదు, నలుగురినీ కూర్చోబెట్టి బోర్డు మీద వాచ్‌మన్‌ని గీసి చూపించాను.

నాలాగా ఈజేబీ కోడ్ మీద పనిచేస్తున్నవాళ్లు ఇలాంటి బ్యాచ్‌కి నిశ్చింతగా వెళ్లొచ్చు, బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ సిస్టమ్‌లు చూసేవాళ్లు మరీనూ. ఫీజు మాత్రం ఒకేసారి కట్టకండి, రెండో విడత కనీసం సగం క్లాసులు అయ్యాకే ఇవ్వండి. సర్టిఫికేషన్ అన్న మాట విని చేరేవాళ్లు ముందు ఒరాకిల్ సైట్‌లో ఆ పరీక్ష సిలబస్ ప్రింట్ తీసుకుని, కౌంటర్ దగ్గర పెట్టి, ఇందులో మీరు చెప్పేవి ఏవో టిక్ పెట్టమని అడగండి.

డెమోలో ఏం చూడాలో కూడా చెబుతాను. మా తమ్ముడు డిగ్రీ అయిపోయి స్ప్రింగ్ కోర్సు కోసం పోయిన నెల అమీర్‌పేటలో తిరిగాడు. వాడికి ఒకే ఒక్క ప్రశ్న రాసిచ్చి పంపాను: ఒకే క్లాసులో ఒక మెథడ్ ఇంకోదాన్ని పిలిస్తే, రెండోదాని మీద రిక్వైర్స్ న్యూ ఉంటే ఏమవుతుంది? మొదటి చోట అది సిలబస్‌లో లేదన్నారు. రెండో చోట కొత్త ట్రాన్సాక్షన్ మొదలవుతుందని ధీమాగా చెప్పారు. మూడో చోట డెమో చెబుతున్న ఆమె జవాబు చెప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచి, అక్కడికక్కడ ఆ రెండు మెథడ్‌లూ రాసి, నడిపి, ఖాళీ టేబుల్ చూపించారట. తర్వాత రెండోదాన్ని వేరే క్లాసులో పెట్టి మళ్లీ నడిపితే రికార్డు కనిపించిందట. రాత్రి పదింటికి ఫోన్ చేసి, "అక్కా, రేపు ఫీజుకి 5,000 పంపు, ఆవిడ దగ్గర చేరిపోతా" అన్నాడు.